మిల్లు పొగ

మూతపడిన నూలుమిల్లు ఆయుధపూజనాడు తెరుచుకుంటుందని, దాని పొగగొట్టం నుంచి పొగ రావడం హిందూపురం ప్రజలు కళ్లారా చూస్తారని పరిశ్రమల కమిటీ చైర్మన్ జయచంద్ర గారు మైకులో ప్రకటించారు. ఆయన మాట ఇచ్చారంటే ఫ్లెక్సీ కట్టించి తీరుతారు. కట్టించారు కూడా.

మా పక్కింటి తిరుపాల్ ఆ మిల్లులోనే పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక వాడికి పిల్లనిస్తామన్నవాళ్లు మళ్లీ కనిపించలేదు. ఫ్లెక్సీ చూసిన రోజే వాళ్లమ్మ కొండమ్మ వాడి పాత యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేయించింది.

"అన్నా, ఈసారన్నా మావోనికి పనిస్తారంటావా?"

"పండగ పేరు పెట్టి చెప్పినారు గదమ్మా, అబద్ధమాడతారా?" అన్నాను.

మా కాలనీ గుళ్లో పూజలకు చేయిసాయం చేసేది నేనే కాబట్టి, చైర్మన్ గారు సామగ్రి నాకప్పగించారు. గుమ్మడికాయ, నిమ్మకాయలు, పూలు సరే. సాంబ్రాణి మాత్రం బస్తా తెమ్మన్నారు.

"బస్తానా సార్?"

"దేవుని కాడ పిసినారితనం పనికిరాదప్పా."

ఆ మాటకు నా మనసు నిండిపోయింది.

పండగనాడు మిల్లులో దించిన కొత్త మిషనుకు పూలదండలు వేశారు. చైర్మన్ గారు గుమ్మడికాయ కొట్టగానే పలకలు మోగాయి, పొగగొట్టం నుంచి తెల్లటి పొగ లేచింది. జనం చప్పట్లు. కొండమ్మ ఏడ్చేసింది. గాలి మావైపు తిరిగింది. ఆ వాసనకు నా చేతులు వాటంతటవే దండం పెట్టాయి.

"సార్, స్విచ్చి వేయండి," అన్నాడు తిరుపాల్.

చైర్మన్ గారు లెంపలు వేసుకున్నారు. "ఏమబ్బా, పూజ చేసిన మిషను ఈ పొద్దే నడుపుతారా? ఆచారం తెలీదా? సామీ, నువ్వు చెప్పు."

నిజమే. ఆయుధపూజకు కత్తిపీట పెడితే ఆ రోజు మా ఇంట్లో కూరగాయలు తరగరు. అదే చెప్పాను. కానీ మనసాగక అడిగాను: "మరి బాయిలరు ఎట్ల నడుస్తాండాది సార్?"

"బాయిలరు మిషనెట్లయితాదప్పా? అది పొయ్యి."

శాస్త్రం నాకంటే ఆయనకే బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే తిరుపాల్ యూనిఫాం వేసుకుని, క్యారియర్ పట్టుకుని బయల్దేరాడు. వెనకాలే కొండమ్మ. పూజపళ్లేలు తెచ్చుకోవాలని నేనూ వెళ్లాను. గేటు దగ్గర లారీ ఉంది. లారీలో మిషను, నిన్నటి దండలతోనే ఉంది.

"యాడికి సార్ పోతాండాది?" అన్నాడు తిరుపాల్.

"పెనుకొండకు. ఈ పొద్దు విజయదశమి, ఆడ మిల్లు ఓపెనింగు ఉండాది," అన్నారు చైర్మన్ గారు.

తిరుపాల్ మొహం వాడిపోయింది. చైర్మన్ గారు వాడి భుజం తట్టారు. "ఏమబ్బా, నిన్ను మర్చిపోతానా? నీకు పనిచ్చినా. ఎక్కు."

ఎక్కించి, మిగిలిన సాంబ్రాణి బస్తా వాడి ఒళ్లో పెట్టించారు. "తడవనీకు, భద్రం."

ఇస్త్రీ నలక్కుండా బస్తాను పట్టుకుని కూర్చున్నాడు తిరుపాల్. లారీ కదిలింది. వెనకబడిన కొండమ్మ అప్పుడే పరుగున వచ్చింది.

"మావోనికి ఏం పనిచ్చినారన్నా?"

"బాయిలర్ సెక్షన్‌లోనమ్మా."

"పర్మనెంటేనా?"

పళ్లేలు చంకన పెట్టుకున్నాను. "మూతపడిన మిల్లులు ఉన్నన్నాళ్లూ పర్మనెంటేనమ్మా."