గౌరమ్మ కన్ను బాగుపడిన విధం

"ఇకమీదట మన సరిహద్దులో ఒక్క ముసలి కన్ను కూడా మసకబారడానికి వీల్లేదు!" అని విరూరు సభలో బాపురావు సాహెబు ప్రకటించారు. ఈ సంగతి ముందే తెలియక కొన్ని కళ్లు అప్పటికే మసకబారాయి. వాటిలో లక్కడ్‌కోట్ గౌరమ్మది ఒకటి.

తెలంగాణ వచ్చిన కొత్త. సరిహద్దు పల్లెలు మావంటే మావని రెండు వైపుల నాయకులూ వచ్చిపోతున్న రోజులు. అవతలివాళ్లు కళ్లజోళ్లు పంచారని విని, మహారాష్ట్ర వైపు నాయకుడైన సాహెబు ఏకంగా కంటి లోపలి తెరను ఫోటో తీసే మిషనే తెప్పించారు.

గౌరమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదాంట్లో మనుషుల చెవులు కనపడతాయి, ముఖాలు కనపడవు. డాక్టరు గిరిజ ఫోటో తీసి, వయసు వల్ల తెర కింద నీరు చేరిందని చెప్పింది. కంట్లో సూది వేస్తూ, ఫోటోలు తీస్తూ, నీరు ఎంత ఇంకిందో చూసుకోవాలట. మొదటి సూదికే గౌరమ్మకు మనవరాలి బొట్టు కనపడింది. ఆ పూట ఆమె సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకో సూది పడితే ముఖమూ కనపడుతుందని ఆశ పెట్టుకుంది.

సాహెబు అనుచరుడు వెంకటికి అంత ఓపిక లేదు. సాహెబు రెండో సభకు బ్యానరు రేపే కట్టాలి. మిషను ప్రారంభించిన రోజు, డాక్టరు లేనప్పుడు, సాహెబు సరదాగా గడ్డం ఆనించి తీయించుకున్న కంటి ఫోటో ఒకటుంది. 'చికిత్సకు ముందు' కింద గౌరమ్మ ఫోటో, 'చికిత్స తర్వాత' కింద సాహెబు ఫోటో వేయించాడు. బాగైన కంటికి మందు దండగని రెండో సూది రద్దు చేయించాడు.

"నాకు గా బ్యానరే కనబడ్తలేదు బిడ్డా!" అని గౌరమ్మ వెంకటి దగ్గర మొత్తుకుంది.

"బాగైందని దాని మీదనే రాసున్నది అవ్వా. ఎవరితోనన్న చదివించుకో."

సభనాడు డాక్టరు గిరిజ బ్యానరు దగ్గరికెళ్లి చూసి గతుక్కుమంది.

"సార్, ఈ రెండో ఫోటో ఎవరిది? తెర కింద నీరు మొదలైంది. వెంటనే సూది వేయకపోతే చూపు పోతుంది."

వెంకటి బ్యానరుకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. సాహెబు విలేకరుల వైపు చూశారు.

"గౌరమ్మదే!"

"నిజంగానా సార్?"

"నా మాట మీద నమ్మకం లేదా? ఇప్పుడే ఆమెకు సూది ఎయ్యిండ్రి! బాగైన కంటికి గూడ సూది ఏపిస్తున్న సర్కారు దేశంలో మాదొక్కటే!"

చప్పట్లు మోగాయి. ఆ కన్ను సాహెబుదేనని వెంకటి నోటే విన్న గౌరమ్మకు ఆయన మీద జాలేసింది.

"సాహెబ్, మీరు గూడ ఒకపారి చూపిచ్చుకోరాదుండ్రి."

"నాకేమైంది అవ్వా?" అని సాహెబు నవ్వి కారెక్కారు.

ఏడాదికి మళ్లీ సభ. గౌరమ్మకు సాహెబు ముఖం మీసంతో సహా చక్కగా కనపడింది. ఎదురెళ్లి, ఏమీ అనకుండా రెండు చేతులూ జోడించింది.

సాహెబు ఆగి, ఆమె భుజం తట్టి, "ఏం రాజన్నా, పత్తి ఎట్లున్నది ఈసారి?" అని ఆప్యాయంగా అడిగారు.