అవసరానికి మించిన వినికిడి

మనిషికి చెవులు వినపడుతున్నాయా లేదా అని తేల్చే అధికారం సృష్టి మొత్తంలో ఒకే ఒక్క చోట ఉంది. రైల్వే కార్మికుల పదవీ విరమణ మరియు అంగవైకల్య ప్రయోజనాల కార్యాలయం, మూడో అంతస్తు, ఆరో నంబరు కౌంటరు. చెవుల డాక్టరు ఏదో చెబుతాడు. కట్టుకున్న భార్య ఏదో చెబుతుంది. అవన్నీ అభిప్రాయాలు. ఆరో నంబరు కౌంటరు చెప్పేది నిజం.

ఈ సంగతి తెలియక మా బావమరిది ఆరేళ్ళుగా తన ఇష్టం వచ్చినట్టు చెవిటివాడిగా బతికేస్తున్నాడు. (అనుమతి తీసుకోకుండా అన్నమాట.)

బావమరిది అంటే మా చెల్లెలి మొగుడు. లైను మీద కీమ్యాన్. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని తన వంతు ఆరు కిలోమీటర్లూ పట్టాల మధ్య నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే బిగింపు ఎక్కడైనా వదులైతే కొట్టి బిగించి రావడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్ళు ఇనుముతో ఇనుమును కొట్టాడు. ఇనుముకు ఏమీ కాలేదు. నేనూ ఆ లైను మీదే గ్యాంగులో చేసి దిగిపోయినవాణ్ణి. నాకు చెవులు మిగిలాయి, మాటలు తగ్గాయి. నా నోట్లోంచి వచ్చేవి రెండు ముక్కలే కాబట్టి బావమరిది నా పెదాలు చూసి పట్టేస్తాడు. మిగతా జనం పెదాలు అతనికి అందవు, మరీ వేగం.

చెవులు పోయినా పని ఆగలేదు. అరికాళ్ళు ఉన్నాయి కదా. బండి ఇంకా దూరాన ఉండగానే పట్టాల కింది దిమ్మ సన్నగా వణుకుతుంది. పాతవాళ్ళందరికీ తెలిసిన సంగతే. బావమరిది చెప్పులు నడుముకు కట్టుకుని ఉత్త కాళ్ళతో నడిచేవాడు. కాలికి జివ్వుమనగానే పట్టాలు దిగి, సుత్తి కింద పెట్టి, బండి వచ్చే వైపు తిరిగి నిలబడేవాడు. పక్కన ఎవరైనా ఉంటే రెక్క పట్టుకుని లాగేసేవాడు. ముందు లాగడం, తర్వాత చెప్పడం. లైను మీద మర్యాద అదే.

పోయిన వేసవిలో శాఖవారికి లైనువాళ్ళ కాళ్ళ మీద దయ కలిగింది. రెండు వేళ్ళ మందం అడుగున్న బూట్లు పంచి, తొడుక్కోనివాడికి మెమో అన్నారు. తొడుక్కున్నాడు. తొమ్మిదో రోజున గూడ్సు బండి వచ్చింది. డ్రైవరు కూత మీద నుంచి చెయ్యి తియ్యనే లేదట. ఆఖరి క్షణంలో బావమరిది ఊరికే తల తిప్పి చూశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, "వీపుకు గాలి తగిలింది" అన్నాడు. మా చెల్లెలికి అది చాలింది.

మర్నాడే సెలవు పెట్టించింది. ఆ సెలవు అయిపోయేలోగా ఆఫీసు అతన్ని చెవిటివాడని ఒప్పుకుంటే, పెన్షను కాగితంతో ఇంటికి. ఒప్పుకోకపోతే సోమవారం నుంచి మళ్ళీ పట్టాల మీదికి, బూట్లతో సహా.

"అన్నయ్యా, తోడు వెళ్ళు" అంది చెల్లెలు. "వినపడని మనిషినీ, మాట్లాడని మనిషినీ జత చేసి ఆఫీసుకు పంపుతున్నా. నా తెలివికి నేనే మురిసిపోవాలి."

"ఏమంటోంది?" అన్నాడు బావమరిది.

"వెళ్ళమంటోంది."

"అంతేనా? నోరు చాలాసేపు ఆడిందే."

దరఖాస్తు పద్నాలుగు పేజీలు. మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది: 'దరఖాస్తుదారునికి వినికిడి లేదన్న విషయం అతనికి మౌఖికంగా తెలియజేయబడినదా?' తెలియజేశాం, వినలేదు అని రాయించాను. కౌంటరులోని గుమాస్తా దాన్ని కొట్టేసి, 'తెలిసి కూడా నిర్లక్ష్యం చేసినాడు' అని సరిచేశాడు.

ఆరో నంబరు కౌంటరు చెవిటివాళ్ళకు ప్రత్యేకం. అందుకని శాఖవారు బాగా ఆలోచించి అక్కడ ఒక మైకు పెట్టారు. మిగతా కౌంటర్లలో పేరు కాగితం మీద రాసి చూపిస్తారు. ఇక్కడ మైకులో పిలుస్తారు. మూడుసార్లు పిలిచేసరికి దరఖాస్తుదారు స్వయంగా లేచి రావాలి. రాకపోతే గైరుహాజరు. వస్తే, వచ్చాడు కాబట్టి, వినపడింది.

మా వంతు వచ్చింది. మైకు అదిరింది. ఎదురు బెంచీలో నిద్రపోతున్న, బొగ్గు ఇంజన్ల కాలం నాటి పాత ఫైర్‌మ్యాన్ ఉలిక్కిపడి లేచి, "నేనే, నేనే" అన్నాడు. బావమరిది గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాడు. మోచేత్తో పొడిచాను. లేచి వెళ్ళాడు.

"మొదటి పిలుపుకే వచ్చాడే" అన్నాడు గుమాస్తా కలం తీసి.

"నేను పొడిచానండి."

"పొడవడానికి ఏ నిబంధన కింద అనుమతి ఉంది?"

గుమాస్తా మంచివాడు, మా మొహాలు చూసి మెత్తబడ్డాడు. ఈ పిలుపును 'పొడవబడిన పిలుపు'గా నమోదు చేసి, ఇలాంటి అనుమానపు కేసులను తేల్చే పై అధికారి దగ్గరికి శుక్రవారం రమ్మన్నాడు. సెలవు ఆదివారంతో సరి.

ఆయన పదవి వినికిడి నిర్ధారణాధికారి. అంతకుముందు పన్నెండేళ్ళు గోనెసంచుల విభాగంలో నాణ్యత చూశారట. (సంచుల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదని గోడ మీద ప్రశంసాపత్రం ఉంది.) గది బయట ఒక బోర్డు: 'లోపల కంప్యూటరు కలదు. పాదరక్షలు బయట విడువవలెను.' కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంది. దానికి కరెంటు తీగ లేదు. అయినా బోర్డు బోర్డే. ఇద్దరం చెప్పులు విడిచాం. ఆ గది నేల పాతకాలపు చెక్కది.

ఆ సంగతి నేను అప్పుడే గమనించాల్సింది.

అధికారి బావమరిదిని గోడ వైపు తిప్పి నిలబెట్టి, తాను వెనక నిలబడి, శాఖ ఆమోదించిన పది వాక్యాలను ఒకటొకటే బిగ్గరగా చదవడం మొదలుపెట్టారు.

"భవనమునకు నిప్పంటుకున్నది."

బావమరిది కదల్లేదు.

"మీ పాత బకాయిలన్నియు మంజూరైనవి."

కదల్లేదు. తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డ గుమాస్తా మాత్రం ఒక అడుగు ముందుకు వేశాడు.

"మీరిక ఇంటికి వెళ్ళవచ్చును."

దానికి నేను లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు.

అలా తొమ్మిది వాక్యాలు. తొమ్మిదింటికీ గోడ ఎంత స్పందించిందో బావమరిదీ అంతే. అధికారి గొంతు బొంగురుపోయింది. కాగితం మీద తొమ్మిది సున్నాలు పడ్డాయి. ఇంకొక్కటి పడితే మా చెల్లెలు కంటినిండా నిద్రపోతుంది. అధికారి కళ్ళజోడు తుడుచుకుని పదో వాక్యం కోసం పేజీ తిప్పారు.

సరిగ్గా అప్పుడే వరండా ఆ చివర నుంచి, తెరిచి ఉన్న మా తలుపుకేసి, అటెండరు ఇనప బీరువా ఒకటి తోసుకుంటూ బయలుదేరాడు. తిరస్కరించిన దరఖాస్తుల బీరువా. నాలుగు ఇనప చక్రాలు, నిలువెత్తు కాగితాలు, చెక్క నేల. తోయడం వరకే వాడి పని, ఆపడం ఇంకో అటెండరు పని. ఆ ఇంకో అటెండరు ఆ రోజు సెలవు.

నాకు ఇంకా ఏమీ తెలియలేదు. అధికారికీ తెలియలేదు, ఆయన పేజీలో ఉన్నారు. బావమరిది కుడికాలి బొటనవేలు మాత్రం ముడుచుకుంది. చూశాను. నోరు తెరిచేలోగా వెనక్కి తిరిగి, అధికారి రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజి గోడవారకు లాగేశాడు. లాగి, చేతిలో లేని సుత్తిని కింద పెట్టి, తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. బీరువా లోపలికి వచ్చింది. అధికారి నిలబడి ఉన్న చోటు మీదుగా వెళ్ళి, ఆయన కుర్చీని కలుపుకుని, ఎదుటి గోడకు చేరింది. కంప్యూటరుకు ఏమీ కాలేదు.

అధికారి కాలరు సర్దుకున్నారు.

"ప్రాణం నిలబెట్టావయ్యా" అన్నారు. బావమరిది నా వైపు చూశాడు.

"మెచ్చుకుంటున్నారు" అన్నాను.

"బండి చూసుకోవద్దూ?" అన్నాడు బావమరిది. "నాకు కాలికి తెలిసింది కాబట్టి సరిపోయింది."

అధికారి కలం తీశారు. "అంటే బీరువా వస్తున్నట్టు ముందే తెలిసింది."

"కాలికండి" అన్నాను.

"తెలియడం తెలియడమే కదా. నిబంధనల్లో వినికిడి అని మాత్రమే ఉంది. ఫలానా అవయవంతోనే వినాలని ఎక్కడా లేదు." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "నేనేం చేసేది, పెద్దాయనా? నా చెవులకన్నా ముందు ఇతనికి వినపడింది. నేనే సాక్షిని."

కృతజ్ఞత ఉన్న మనిషి కాబట్టి మమ్మల్ని తిప్పించుకోలేదు. ఉత్తర్వు అప్పటికప్పుడే ఇచ్చారు. ఆ శాఖలో ఒకే పూటలో వచ్చిన మొదటి ఉత్తర్వు అదేనని గుమాస్తా చెప్పాడు.

'దరఖాస్తుదారుడు, సక్రమమైన చెవులు కలిగిన అధికారికంటె ముందుగా శబ్దమును గ్రహించి, సదరు అధికారిని సురక్షిత స్థలమునకు చేర్చినందున, ఇతని వినికిడి శక్తి ఉద్యోగ అవసరమునకు మించి యున్నదని నిర్ధారించడమైనది. ఇట్టి వినికిడి లైను పనికి ఎంతో ఉపయుక్తము. సోమవారము విధులకు హాజరు కావలెను. బూట్లు తప్పనిసరి.'

ఆఖరి రెండు మాటలు పట్టుకుని ఆరో నంబరు కౌంటరుకు వెళ్ళాను. బూట్లు వేస్తే ఆ కాళ్ళకు వినపడదు కదండీ అన్నాను. నా జీవితంలో అది చాలా పెద్ద ప్రసంగం.

గుమాస్తా శ్రద్ధగా విన్నాడు. "అంటే బూట్లు తొడిగితే చెవుడు, విప్పితే లేదు. అవునా?"

"అవునండి."

"అది శాశ్వత వైకల్యం కాదు. రోజూ సాయంత్రం నయమైపోతోంది."

"పోనీ బూట్లు మాన్పించండి."

"బూట్లు రక్షణ కోసం. రక్షణ మాన్పిస్తే ప్రమాదం కదా, పెద్దాయనా." అని, గొంతు తగ్గించి, "అప్పీలు చేసుకోండి. ఆర్నెల్లలో పిలుస్తారు" అన్నాడు.

"ఎలా పిలుస్తారు?"

"మైకులో."

ఇంటికొచ్చి చెప్పాను. చెల్లెలు ఉత్తర్వు రెండుసార్లు చదివింది. "అవసరానికి మించి వినపడుతుందా ఈయనకు? ఇన్నేళ్ళూ నేను కూరగాయలకు వెళ్ళమంటే వినపడనిది మరి నటనా?" అంది. ఉత్తర్వు మడిచింది. మొహం అటు తిప్పుకుంది. కాసేపటికి లేచి, బట్టలారేసే తాడు విప్పి నా ఒళ్ళో పెట్టింది. "అన్నయ్యా, నీ చెవులు బానే ఉన్నాయిగా" అంది.

సోమవారం నుంచి బావమరిది ముందు, నేను వెనక. తాడు ఒక కొస అతని నడుముకు, ఇంకో కొస నా చేతికి. బండి కూత వినపడితే లాగుతాను. అతను పట్టాలు దిగుతాడు, నేనూ దిగుతాను, బండి పోతుంది, మళ్ళీ నడుస్తాం. ఇద్దరికీ మాటలు అక్కర్లేదు. ఇరవై మూడు రోజులు నడిచాం. "నన్ను మరీ ఎద్దులా తోలకు బావా, జనం చూస్తున్నారు" అనేవాడు. ఒకసారి ఊరికే లాగి చూశాను. బండి లేదు. అతను పట్టాలు దిగి నిలబడి, రెండు వైపులా చూసి, నన్ను తిట్టిన తిట్లు నాకు వినపడ్డాయి.

ఇరవై నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద వచ్చాడు. తాడు వైపు చాలాసేపు చూశాడు. కీమ్యాన్ దగ్గర ఉండాల్సిన పదహారు పనిముట్ల జాబితా తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తాడు లేదు. రిటైరైనవాడు పట్టాల మీద ఉండవచ్చా అన్న జాబితా ఇంకొకటి తీశాడు. నేనూ లేను.

"ఈయనకు వినపడదండి" అన్నాను.

"పై ఆఫీసు ఉత్తర్వు నా దగ్గర ఉంది. అవసరానికి మించి వినపడుతుంది" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు. తాడు గురించి పైకి రాస్తానని, ఎంత పొడవు ఉండాలో, ఏ రంగు ఉండాలో సర్క్యులరు వస్తుందని చెప్పాడు. అప్పటిదాకా తాడును స్వాధీనం చేసుకుని రశీదు ఇచ్చాడు. నన్ను ట్రాలీ మీద ఎక్కించుకుని స్టేషన్లో దింపాడు. ట్రాలీ మీద వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూశాను. బావమరిది బూట్ల లేసులు బిగించుకుని, సుత్తి భుజాన వేసుకుని, రెండు అడుగులకొకసారి వెనక్కి చూసుకుంటూ నడుస్తున్నాడు.

చెల్లెలు రశీదు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆ సర్క్యులరు ఎప్పుడొస్తుందట?"

"చెప్పలేదు."

"అప్పీలు పిలుపు?"

"చెప్పలేదు."

"మీ రైల్వేలో చెప్పిన టైముకు వచ్చేది ఒక్కటన్నా ఉందా, అన్నయ్యా?"

ఒక్కటి ఉంది. అది మా బావమరిది వెనక నుంచి వస్తుంది.