బాత్రూమ్‌లో భార్య

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నుల ఆఫీసు నుంచి వచ్చే ఆఫీసరమ్మకు తన గది చూపించాలి. పరాయి దేశం వాడినైనా ఇక్కడే కాపురం ఉంటున్నానని ఒప్పించాలి. ఆవిడ ఊఁ అంటే, మూడేళ్ళుగా జీతంలోంచి ఎక్కువగా కోసుకున్న పన్ను రీఫండుగా తిరిగొస్తుంది. దాంతో రెండు గదుల ఇంటికి అడ్వాన్సు కట్టచ్చు. విడిగా ఇల్లున్నవాడికే భార్యను తెచ్చుకోవడానికి వీసా ఇస్తారు. పెళ్ళయిన నాలుగు నెలలకే విమానమెక్కినవాడతను. భార్య ముఖాన్ని ఫోను తెర సైజులోనే ఎక్కువగా చూశాడు.

గది నేలమట్టానికి కింద ఉంది. కిటికీలోంచి ఆకాశం కనబడదు, రోడ్డు మీద నడిచేవాళ్ళ బూట్లు కనబడతాయి. ఆ రోజు బూట్లన్నీ తడిసి ఉన్నాయి. గోడల నిండా చెమ్మ. రెండు ఇనప మంచాల్లో ఒకటి అతనిది, రెండోది బావమరిదిది. అతని భార్యకు సొంత తమ్ముడు, గోడలకు రంగులు వేసే పని. వాన కాబట్టి పనిలేక ముసుగుతన్ని పడుకున్నాడు.

టీ మరగకముందే పై అంతస్తు నుంచి సలహాల బాబాయి దిగాడు. ఆయన గోడౌన్‌లో సరుకులెత్తే బండి నడుపుతాడు. ఆయన్ను ఎవరూ సలహా అడగరు. అంత వ్యవధి ఆయనెప్పుడూ ఇవ్వలేదు.

"అంతా సిద్ధమేనా?"

"సిద్ధమే బాబాయ్. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, జీతం స్లిప్పులు."

"అవెవడిక్కావాలి? నీ ఒళ్ళు ఇక్కడుందని వాళ్ళకీ తెలుసు. కాపురం ఎక్కడుందని చూస్తారు. పెళ్ళాం ఎక్కడుంది?"

"ఊళ్ళో."

"అయితే నువ్వు చుట్టపుచూపుగా వచ్చినట్టు లెక్క. చుట్టానికి పన్నెక్కువ, రీఫండు సున్నా."

"మరి మూడేళ్ళుగా ఇక్కడి లిఫ్టు గుంటల్లో దిగి గ్రీజు పూసుకుంటోంది ఎవరు?"

"చుట్టమే. కాకపోతే కాస్త పనిమంతుడు."

ముసుగులోంచి బావమరిది తల బయటికొచ్చింది. "అక్క కూడా ఇక్కడే ఉందని చెప్పేస్తే పోలా?"

అరగంటలో ఆ గదికి పెళ్ళయిపోయింది. బాబాయి తన భార్య కోటు తెచ్చి కొక్కేనికి తగిలించాడు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళ చెప్పులు పెట్టాడు. అద్దం ముందు జడపిన్నులు చల్లాడు. రెండు మంచాలనూ కలిపి ఒకే దుప్పటి పరిచారు. ఆ కోటులో మెకానిక్ భార్యలాంటివాళ్ళు ఇద్దరు పడతారు.

"ఆవిడ పనికెళ్ళిందని చెప్పు. అడగనిది చెప్పకు," అని బాబాయి జారుకున్నాడు.

బెల్లు మోగింది. తన మంచం కాస్తా కాపురంలో కలిసిపోయాక తానెవరో ఎలా చెప్పుకోవాలో బావమరిదికి తోచలేదు. కంగారులో బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నాడు.

ఆఫీసరమ్మ తడిసిన గొడుగుతో, కారే ముక్కుతో లోపలికొచ్చింది. మంచి మనిషిలాగే ఉంది. మెకానిక్‌కి భయం వేసింది అందుకే. కసిరేవాళ్ళకి అబద్ధం చెప్పడం తేలిక.

"మీ ఆవిడ పొడగరి కాబోలు?" అంది కోటు చూసి.

"నిలబడితే పొడుగేనండి."

"ఎక్కడున్నారు?"

"పనికి..." అంటుండగానే బాత్రూమ్‌లో బకెట్టు దొర్లింది.

"లోపలున్నారా?"

"ఉందండి. చాలాసేపు పడుతుందండి."

"నాకూ మళ్ళీ వానలోకి వెళ్ళాలని లేదు." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తెర మీద భార్య ఫొటో.

"ఎవరు?" అందావిడ.

"మా ఆవిడండి," అన్నాడు అలవాటుకొద్దీ. ఆ రోజు ఆవిడకు అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

ఆఫీసరమ్మ బాత్రూమ్ తలుపు వైపు చూసింది.

"సబ్బు అయిపోయి ఉంటుందండి," అన్నాడు.

"పాపం, మాట్లాడండి."

మెకానిక్ ఫోనెత్తాడు. అవతల్నుంచి భార్య గొంతు గబగబా వచ్చింది. "ఏవండీ, కుట్టుమిషనుకి బేరం వచ్చింది. వాళ్ళు గుమ్మంలోనే ఉన్నారు. ఎలాగూ వచ్చేస్తున్నాగా, ఇచ్చెయ్యనా?"

"ఇచ్చెయ్, ఇచ్చెయ్. తర్వాత మాట్లాడతా."

ఈలోగా ఆఫీసరమ్మ బాత్రూమ్ తలుపు మీద మెల్లగా తట్టింది. "కంగారు పడకండమ్మా, నిదానంగానే రండి."

"థాంక్సండీ!" అని లోపల్నుంచి సన్నటి ఆడగొంతు పలికింది.

ఆ గొంతు ఇంకా కట్టెయ్యని ఫోనులోకీ వెళ్ళింది.

"ఎవరది?"

"మీ తమ్ముడు."

"మా తమ్ముడికి ఆడగొంతు ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే."

"స్నానాల గదిలో ఎవత్తినో పెట్టుకుని మా తమ్ముడి పేరు చెప్తారా? సిగ్గుండాలి!"

"ఒట్టు, వాడే. ఇదంతా నీకోసమే..."

"నాకోసం మా తమ్ముడు ఆడదయ్యాడా?"

ఆఫీసరమ్మకు వాళ్ళ భాష తెలియదు. కానీ ఫోనులోంచి కేకలు వినబడుతున్నాయి, వాటి కింద మొగుడు అంగుళం అంగుళం కుంగిపోతున్నాడు. ఆవిడ లేచి గొడుగు అందుకుంది. "నా ఉద్యోగంలో ఇంతకంటే గట్టి రుజువు చూడలేదు. ఇది ముమ్మాటికీ కాపురమే," అంది.

తర్వాతి రోజులు బావమరిదికి నరకం. ఆ సన్నటి గొంతు తనదేనని రుజువుకి మళ్ళీ అలాగే పలికి వినిపించాల్సి వచ్చింది. ఒకసారి అక్కకు, ఒకసారి అమ్మకు, చివరికి అప్పటికీ అనుమానం తీరని మేనత్తకు.

రీఫండు వచ్చింది. దాంతో మూడో అంతస్తులో రెండు గదుల ఇంటికి అడ్వాన్సు కట్టారు. అది తిరిగి ఇవ్వబోమని ఇంటివాళ్ళు ముందే రాయించుకున్నారు. వంటింటి కిటికీలోంచి చెయ్యంత ఆకాశం కనబడుతుంది. మెకానిక్ తన భార్యకు అందేలా అలమరా కాస్త కిందికి దించి బిగించాడు. అప్పుడు వీసాకు దరఖాస్తు పెట్టాడు.

కౌంటరులో గుమాస్తా కంప్యూటరు చూసి మొహం చిట్లించాడు. "మీ భార్య ఇక్కడే ఉన్నారు కదా?"

"లేదండి, ఆవిడ కోసమే వీసా."

"ఉన్నారని పన్నుల ఆఫీసు రాసింది. ఆవిడతో స్వయంగా మాట్లాడారట. అయితే దరఖాస్తులో ఉన్న ఈవిడ ఎవరు?"

"ఆవిడా ఈవిడా ఒకటేనండి."

"ఇక్కడున్నావిడకు రావడానికి వీసా ఎందుకు? ఇంకొకావిడైతే, ఒక మనిషికి ఒక్క భార్యకే ఇస్తాం."

మెకానిక్ పన్నుల ఆఫీసుకు పరిగెత్తాడు. ఆఫీసరమ్మకు జలుబు తగ్గింది. మంచితనం మాత్రం అలాగే ఉంది.

"ఆ రోజు మా ఆవిడ... అసలు లేదండి," అన్నాడు.

"తప్పు చెప్పారా? అయితే రీఫండు జరిమానాతో కలిపి తిరిగి కట్టాలే!"

అతనికి దించి బిగించిన అలమరా గుర్తొచ్చింది. "లేదండి. ఉంది. ఉందండి."

"హమ్మయ్య. మరేం పర్లేదు. ఆవిడ ఊరెళ్ళినట్టు పాస్‌పోర్టులో ముద్ర చూపిస్తే రికార్డు మారుస్తారు. మళ్ళీ కొత్తగా వీసా అడగచ్చు. లేదంటే మేం ఏటా ఒకసారి వచ్చి చూసిపోతాం, అంతే. ఆ రోజు పాపం ఆవిడ గొంతు బాగా పట్టేసినట్టుంది. ఇప్పుడెలా ఉంది?"

"అలాగే ఉందండి."

వానలో నడుస్తూ అతను లెక్క వేసుకున్నాడు. ముద్ర పడాలంటే ఆవిడ వెళ్ళాలి. వెళ్ళాలంటే ముందు రావాలి. రావాలంటే అంతకుముందే వెళ్ళిపోయి ఉండాలి. ఎక్కడా బిగుసుకుపోని లిఫ్టు కూడా ఇలాగే రెండు అంతస్తుల మధ్య ఆగిపోవడం అతను చూశాడు. అలాంటప్పుడు లోపలివాళ్ళు కనీసం తలుపు బాదుతారు.

కొత్త ఇంట్లో బావమరిది రెండో గది సర్దుకున్నాడు. బాబాయి కోటు వెనక్కి తీసుకోలేదు. ఏటా కావలసి వస్తుంది, ఉంచుకోమన్నాడు. మెకానిక్ తన భార్యకు వీడియో కాల్ చేసి అంతా చెప్పాడు. ఆమె వెనకాల, అమ్మేసిన కుట్టుమిషను ఉండే చోట, గోడ మీద నాలుగు పలకల మచ్చ కనబడుతోంది.

"కొక్కేనికి ఆ కోటు ఎవరిది?" అంది అతని వెనక్కి చూసి.

"ఆవిడదే."

"జాగ్రత్తగా ఉంచండి," అందామె. "మన ముగ్గురిలో వీసా అక్కర్లేనిది ఆవిడొక్కదానికే."