మూడో గడికి సంజాయిషీ

ఒక పాట గొప్పతనం తెలుసుకోవడానికి దాన్ని వినవలసిన పనిలేదు, ఎంతమంది వినలేదో లెక్క తేలిస్తే చాలునని మన కాలం నిర్ద్వంద్వంగా నిర్ణయించింది. ఈ నిర్ణయాన్ని అమలు చేయడానికి ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో (ఇలాంటి నిర్ణయం ఒకటి జరిగిందని ఎవరికీ తెలియకపోవడమూ ఒక కారణం) ఆ భారాన్ని అల్పశ్రోతృ సంగీత పరిరక్షణ సంఘం తన భుజాన వేసుకుంది. సభ్యులు ఆరుగురు.

సంఘం పరిధిలోకి వచ్చే సంగీతం మూడు రకాలు. గోతిక్ అంటే సమాధుల మధ్య కూర్చుని ప్రేమలేఖ చదువుతున్నట్టుండేది. డార్క్‌వేవ్ అంటే అదే లేఖను కరెంటు పోయిన ఫ్యాక్టరీలో కీబోర్డు వాయిస్తూ చదివేది (కరెంటు పోతే కీబోర్డు ఎలా మోగుతుందని అడిగినవారికి సభ్యత్వం ఇవ్వరు). ఇక సింఫొనిక్ మెటల్ అంటే, అరవై మంది వయొలిన్లు వాయిస్తుంటే, నలుగురు గిటార్లు పట్టుకుని వాళ్ళను తరుముతుంటే, మధ్యలో ఒకావిడ తనకేమీ పట్టనట్టు గొంతెత్తి పాడటం. ఏ దేశపు బృందమైనా ఫరవాలేదు. నెలకు వినేవాళ్ళు మాత్రం రెండొందలకు లోపు ఉండాలి. రెండొందలు చేరిన రోజునే ఆ బృందాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు. సభ్యులు దాన్ని ఒకప్పుడు ఇష్టపడ్డామన్న సంగతి కూడా మర్చిపోవాలి.

ఈ సంఘంలో మూడో సభ్యుడు నీటి మీటర్ల విభాగంలో సీనియర్ గుమాస్తా. ఊళ్ళో ఇంటింటి మీటరు అంకెలూ వచ్చి అతని బల్ల మీదే పడతాయి. నలభై ఎనిమిదేళ్ళు, కొంచెం పొట్ట, నెరిసిన మీసం, తొమ్మిది నల్లచొక్కాలు. ఆ చొక్కాల వల్ల ఆఫీసులో అతన్ని చీకటిబాబు అంటారు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు. తరవాత్తరవాత ఆ పేరు తనకు తప్ప ఇంకెవరికీ లేదని గమనించి లోలోపల మురిసిపోయాడు.

మూడేళ్ళ కిందట, మధ్యాహ్నం భోజనాల వేళ, పాత మీటర్లు పడేసే గదిలో ఒక విరిగిన కుర్చీ మీద కూర్చుని ఉండగా అతనికి ఆ బృందం దొరికింది. (పేరు ఇక్కడ రాయడం కుదరదు. ఈ కథ చదివేవాళ్ళు రెండొందలు దాటుతారన్న భయం రచయితకు ఎన్నడూ లేకపోయినా, నియమం నియమమే.) ఎక్కడో మంచు కురిసే దేశం. అక్కడ పగలంతా సిటీ బస్సు నడిపే ఒకావిడ పాడుతుంది, ఆమె తమ్ముడు కీబోర్డు వాయిస్తాడు, మరదలు డ్రమ్ములు. అప్పటికి వినేవాళ్ళు యాభై ఏడుగురు. అయిదో పాట సగానికి వచ్చేసరికి చీకటిబాబు తుప్పు పట్టిన మీటర్ల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకు ఏడ్చాడో అతనికీ తెలియదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎవరూ అతనితో అంత దగ్గరగా మాట్లాడలేదు, అంతే. పాట గుర్తుపట్టే యాప్ ఒకటి ఉంటుంది కదా, దానికి వినిపిస్తే అదీ చేతులెత్తేసింది. ఆ రోజు అతను ఆఫీసు మెట్లు దిగిన తీరు చూసి ప్రమోషన్ వచ్చిందనుకుని ప్యూను అభినందించాడు.

సంఘం సమావేశాలు నెలకోసారి, శనివారం రెండు గంటలకు, అధ్యక్షుడి వెయిటింగ్ రూములో జరుగుతాయి. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. కార్యదర్శికి జిరాక్సు దుకాణం ఉంది. సంఘంలో ఫారాలు పదిహేడు రకాలు ఉండటానికీ, ఆ దుకాణానికీ ఏ సంబంధమూ లేదని ఆయన మొదటి సమావేశంలోనే రాతపూర్వకంగా తెలియజేశాడు, రెండు ప్రతుల్లో.

చీకటిబాబు ప్రవేశపెట్టిన బృందాన్ని సంఘం ఏకగ్రీవంగా నెత్తిన పెట్టుకుంది. అక్కడే చిక్కొచ్చింది. మిగతా అయిదుగురూ వినడం మొదలుపెట్టేసరికి వినేవాళ్ళు అయిదుగురు పెరిగారు. అలా మెల్లగా పాకుతూ ఒక నెల నూట డెబ్భై నాలుగయింది. అధ్యక్షుడు అత్యవసర సమావేశం పెట్టాడు.

"మనం ప్రాణంగా చూసుకుంటున్న బృందాన్ని మనమే చెడగొడుతున్నాం," అన్నాడాయన. "ఇకమీదట వినొద్దు."

"వినకుండా ఎలా కాపాడతామండీ?" అని అడిగింది కుట్టుపని నేర్పే టీచరమ్మ.

"కాపాడటానికి వినడమెందుకమ్మా?"

ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో అది ఆరో నియమం అయింది. దాని ప్రకారం సంఘం తరఫున ఒక్కరే వింటారు. మిగతా అయిదుగురూ ఆయన నివేదిక చదివి ఆనందిస్తారు. నియమిత శ్రోతగా చీకటిబాబును ఎన్నుకున్నారు. పాటలు ఫోనులో దాచుకోకూడదు, దాచుకున్నది ఎప్పటికైనా బయటపడుతుంది. నెలనెలా ఫారం పదకొండు నింపాలి. అందులో మూడే గడులు: బాగుంది, చాలా బాగుంది, ఎవరికైనా చెప్పాలనిపించేంత బాగుంది. కింద సన్నటి అక్షరాల్లో, 'మూడో గడిలో టిక్కు పెట్టిన సభ్యుడు సంజాయిషీ జతచేయవలెను.'

చీకటిబాబు ప్రభుత్వోద్యోగి. సంజాయిషీ అన్న మాట వింటేనే అతనికి అరచేతులు చెమరుస్తాయి. మొదటి నెల కలం మూడో గడి దాకా వెళ్ళింది, కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి రెండో గడిలో దిగింది. ఆ తరవాత దానికి అదే అలవాటయింది.

అలా పద్నాలుగు నెలలు గడిచాయి. ఇంట్లో అతను పొద్దున్నే స్నానానికి ముందు గది తలుపు వేసుకుని వినేవాడు. "ఏమండీ, ఆవిడెవరో అంతలా మొత్తుకుంటోంది, ఏం కష్టమొచ్చిందో కనుక్కోరాదూ," అని భార్య వంటింట్లోంచి అరిచేది. ఒకరోజు తలుపు తీసేసరికి ఎదురుగా కూతురు నిలబడి ఉంది. చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు, మూతి నిండా నురగ, కళ్ళనిండా నీళ్ళు.

"నాన్నా, ఎవరు పాడింది?"

"ఎవరో."

"ఎవరో ఏంటి? పేరు చెప్పు. మా కాలేజీలో బృందగానం వాళ్ళందరికీ వినిపిస్తా. ముప్పై నలుగురం ఉన్నాం. పిచ్చెక్కిపోతారు తెలుసా!"

"అది సంఘం పరిధిలోని విషయమమ్మా," అన్నాడు చీకటిబాబు.

"పాటకి పరిధేంటి నాన్నా?"

అతను కూతురికి నియమావళి ప్రతి ఇచ్చి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ వారమే బృందం తన పేజీలో నాలుగు వాక్యాలు పెట్టింది. రెండో ఆల్బం పాటలు సిద్ధంగా ఉన్నాయట. నెలాఖరుకల్లా వినేవాళ్ళు రెండొందలైతే స్టూడియోకు వెళతారట. కాకపోతే ఇక ఆపేస్తారట, తమ్ముడికి బిడ్డ పుట్టబోతోందట. ప్రస్తుతం వినేవాళ్ళు నూట అరవై ఎనిమిది.

నూట అరవై ఎనిమిదికి ముప్పై నాలుగు కలిపితే ఎంతో నీటి మీటర్ల గుమాస్తాకు కాగితం అక్కర్లేదు.

ఆ మర్నాడు అంతకన్నా పెద్ద విషయం జరిగింది. ఎప్పుడో అతను ఒక అభినందన పంపి ఉన్నాడు. దానికి ఇప్పుడు గాయని జవాబు రాసింది, ఇద్దరికీ సరిగా రాని ఒక భాషలో. 'మీ మాటలు బస్సులో అద్దం పక్కన అతికించుకున్నాను. ఒక శీతాకాలమంతా వాటితోనే నడిపాను. మీ ఊళ్ళో మా పాటలు వినేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఒక్కరైనా?'

చీకటిబాబు ఆ ఉత్తరాన్ని పదకొండుసార్లు చదువుకున్నాడు. తరవాత, మగవాడు జీవితంలో ఒకటి రెండుసార్లకు మించి ఇవ్వని మాట ఇస్తున్నంత నిష్ఠగా జవాబు రాశాడు. 'నేనొక్కణ్ణే. ఇంతవరకు ఒక్కరికి కూడా చెప్పలేదు, చెప్పను కూడా. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.'

రెండు రోజుల తరవాత 'ధన్యవాదాలు' అని వచ్చింది. దాని చివర ఒక ఫుల్‌స్టాప్ ఉంది. ఆనందంతో ఆమెకు మాటలు రాలేదని అతను అర్థం చేసుకున్నాడు.

అయినా మనసు కుదుట పడలేదు. ఒక సాయంత్రం కూతురు చదువుకుంటున్న గది గుమ్మం దాకా వెళ్ళాడు. పేరు నాలిక చివరే ఉంది, రెండే మాటలు. అప్పుడు అతనికి, ఆ పేరు బయటపడ్డాక ఆఫీసు క్యాంటీను ఎలా ఉంటుందో కళ్ళముందు మెదిలింది. పక్క సెక్షన్‌లో కొత్తగా చేరిన టైపిస్టు టీ గ్లాసు పట్టుకుని ఆ అయిదో పాటనే ఈల వేస్తున్నాడు. అందరూ ఈల వేస్తే తనకంటూ మిగిలేదేమిటి? నీటి మీటర్లు, తొమ్మిది నల్లచొక్కాలు. సిగ్గుపడవలసిన ఆలోచన అది. అతను సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడి, ఫ్యాను వేగం తగ్గించమని కూతురికి చెప్పి వచ్చేశాడు.

చివరికి రాజమార్గం ఎంచుకున్నాడు. ఫారం తొమ్మిది పెట్టాడు. బృందం పేరు బయటివారికి వెల్లడించడానికి అనుమతి కోరే దరఖాస్తు అది. శనివారం సమావేశంలో, పుచ్చిన దంతం నిలువుకోత బొమ్మ కింద కూర్చుని, సంఘం దాన్ని పరిశీలించింది.

"ఇందులో ఒక్క పేరుకే చోటుంది," అన్నాడు కార్యదర్శి. "ముప్పై నలుగురికి ముప్పై నాలుగు ఫారాలు. రెండేసి ప్రతులు." ఆయన ముఖంలో ఏ భావమూ కనిపించకుండా చాలా కష్టపడ్డాడు.

"ముప్పై నలుగురితో ఆగుతుందా?" అన్నాడు అధ్యక్షుడు. "ఒక్కో పిల్లకీ పదిమంది స్నేహితులుంటారు. ఇది పాట కాదండీ, చిగుళ్ళ జబ్బు. ఒక పంటితో మొదలై నోరంతా పాకుతుంది."

"వాళ్ళు ఆపేస్తామంటున్నారండీ," అన్నాడు చీకటిబాబు.

"ఆపేస్తే ఇక పెరిగే ప్రమాదమే లేదు కదా. మీరు దాన్ని ఆ కోణంలోంచి చూడట్లేదు."

టీచరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. "నేను విని పద్నాలుగు నెలలైంది," అంది మెల్లగా. "అయిదో పాట ఎలా మొదలవుతుందో మర్చిపోయాను. ఒక్కసారి మీరు కూనిరాగం తీస్తారా, బాబుగారూ?"

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. కూనిరాగం వినడం కిందికి వస్తుందా, చదవడం కిందికి వస్తుందా అన్న అంశాన్ని ఆయన ఉపసంఘానికి నివేదించాడు. ఫారం తొమ్మిదిని కూడా దానికే జతచేశారు. ఉపసంఘం వచ్చే నెల కూర్చుంటుంది.

ఆ నెల చివరి రోజున వినేవాళ్ళు నూట అరవై ఆరు. చీకటిబాబు భోజనం మానేసి, పాత మీటర్ల గదిలో ఫోను పట్టుకుని అంకె వంక చూస్తూ కూర్చున్నాడు. మీటరు తిరగకపోతే ఇంట్లో మనుషులు లేరని రిజిస్టర్లో రాయడం అతనికి పాతికేళ్ళ అలవాటు. ఈ అంకెను ఎలా రాయాలో తెలియలేదు. మర్నాడు పొద్దున పేజీ తెరిస్తే పేజీ లేదు. పాటలు లేవు. తలుపు వేసుకున్న గదిలో ఏ చప్పుడూ లేకపోయేసరికి, "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని భార్య లోపలికి వచ్చింది. అతను బాగానే ఉందన్నాడు. ఆమె నమ్మలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, మంచం అంచున కూర్చుంది.

సంఘం తదుపరి సమావేశంలో రెండు నిమిషాలు మౌనం పాటించారు. (అందరికీ బాగా అలవాటైన పనే.) ప్రజల్లో అభిరుచి కొరవడటం వల్లనే ఇంత గొప్ప బృందం అర్ధాంతరంగా ఆగిపోయిందని సంతాప తీర్మానం చేశారు. ప్రస్తుతం శ్రోతల సంఖ్య సున్నా కాబట్టి జాబితాలో శాశ్వత ప్రథమ స్థానం ఇచ్చారు. బలపరచవలసిందిగా నియమిత శ్రోతను కోరితే, అతను చెయ్యెత్తాడు. టీచరమ్మ ఎత్తలేదు. సభ్యులందరి ఆనవాయితీ అయిన నల్లబట్టలు వేసుకురావడం కూడా ఆమె ఆ రోజుతో మానేసింది.

సమావేశం ముగిశాక కార్యదర్శి అతని చేతిలో ఒక కవరు పెట్టాడు. ఉపసంఘం ఫారం తొమ్మిదిని ఆమోదించింది. పేరు వెల్లడించవచ్చు, పాత నివేదికలు చూపించవచ్చు.

చీకటిబాబు ఇంటికి వచ్చి చొక్కా అయినా విప్పకుండా కూతురికి ఆ రెండు మాటలు చెప్పాడు. అది వెంటనే ఫోను తీసి వెతికింది. రాసిన అక్షరాలు సరైనవేనా అని రెండుసార్లు అడిగింది. సరైనవే.

"ఏమీ రావట్లేదు నాన్నా."

"రాదమ్మా. తీసేశారు."

"మరి నీ దగ్గర ఏముంది?"

అతను బీరువా తెరిచి, తేదీల వారీగా పిన్ను చేసి దాచిన పద్నాలుగు ఫారాలు తెచ్చి దాని ముందు పెట్టాడు. ప్రపంచం మొత్తంలో ఆ పాటల గురించి మిగిలిన కాగితాలు అవే. కూతురు నేల మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పింది. పద్నాలుగింటిలోనూ టిక్కు ఒకే గడిలో ఉంది. చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటిది తీసి, తండ్రి ముఖంలోకి చూసింది.

"ఇన్ని నెలలు రోజూ విన్నావు కదా నాన్నా. ఒక్కసారి కూడా ఎవరికైనా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించిందమ్మా," అన్నాడతను. "ఆ గడికి సంజాయిషీ రాయాలి."