గ్రీకు ఇంటికి కళ్ళాపి

పొద్దున్నే చోడంబలి కాచేసి, కాఫీ తోటలో మిరియాల తీగలు ఓసారి చూసి రావాలనుకుంది రత్న. ఆ రోజుకి అంతకు మించి ఆలోచన లేదు. ఈలోగా కాఫీ సంఘం ఫీల్డాఫీసరు ధనుంజయ్ మోటార్‌సైకిల్ దిగాడు.

"అక్కా, గురువారం ఇన్‌స్పెక్షన్. ఎకాలజీ బాగుంటేనే ఆర్గానిక్ సర్టిఫికెట్టు. లేదంటే మన కాఫీ మళ్ళీ సంతలో దళారీకే."

"ఎకాలజీ అంటే ఏటి? బేగి సెప్పు బాబూ, అంబలి పొంగిపోతంది."

చదువు చెప్పే అవకాశం దొరికితే ధనుంజయ్ వదలడు. "ఒక జర్మనీ శాస్త్రవేత్త కట్టిన మాటక్కా. ఓయికోస్ అంటే ఇల్లు, లోగోస్ అంటే మాట, జ్ఞానం. పాతకాలపు గ్రీకు మాటలు రెండూ తెచ్చి అతికించాడు."

"ఆల దేశంలో మాటల్లేవేటి, పరాయోల కాడికెళ్ళాడు?"

"శాస్త్రానికి గ్రీకే గౌరవం."

"ఇంటి మీద మాటలైతే మా అత్త రోజంతా సెప్తాది. దానికి గ్రీకెందుకు?"

"అబ్బా, నీ తోటే ఇల్లనుకో అక్కా!" అనేసి వెళ్ళిపోయాడు.

రత్న అలాగే అనుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంటికి చుట్టమొస్తే ఏం చెయ్యాలో ఆమెకొకరు నేర్పాలా? సంఘం ఆడవాళ్ళు పన్నెండు మంది చీపుళ్ళతో తోటలోకి దిగారు. రెండు రోజుల్లో చెట్ల కింద ఒక్క ఆకు మిగల్లేదు. చీమల పుట్టలు చదునైపోయాయి, సాలెగూళ్ళు దులిపేశారు. కాఫీ మొక్కల మొదళ్ళు ఎర్రమట్టితో అలికి, కళ్ళాపి చల్లి ముగ్గులేశారు.

"గ్రీకోలు ఎర్రమట్టి అలుకుతారంటావా?" అని ఒకావిడకి అనుమానమొచ్చింది.

"అలక్కపోతే అదేం ఇల్లు?" అంది రత్న.

ఊడ్చిన ఆకులు తగలబెట్టబోతే అత్త యర్రమ్మ అడ్డం పడింది. "ఎరువు కాల్సుకుంటారా గుంటల్లారా!" అని గంపలన్నీ మోయించి ఇంటి పక్కనే గుట్ట పోయించింది. ఈ హడావిడిలో అసలింటిని ఎవరూ ఊడవలేదు.

గురువారం ఇన్‌స్పెక్టరు ఉమామహేశ్వరి తోట మొదట్లోనే ఆగిపోయింది. "ఆకులేవి? పురుగులేవి? ఇది తోటా, పెళ్ళిపందిరా?"

"ఇల్లన్నారు కదండీ," అంది రత్న అయోమయంగా. ధనుంజయ్ గ్రీకు సంగతి ఎత్తకుండా మెల్లగా మోటార్‌సైకిల్ వైపు జరిగాడు.

ఫెయిలని రాయడానికి ఉమామహేశ్వరి రత్న ఇంటి అరుగు మీద కూర్చుంది. వాసానికి కందిరీగల గూడు. గంపలో పొదుగుతున్న కోడి. మూల మూలకీ సాలీడు. పక్కన గుట్ట నిండా ఆకులతో పాటు తోటలోంచి వలసొచ్చిన చీమలూ వానపాములూ. పెన్ను ఆగింది.

"ఎకాలజీ అంటే ఇదీ! ఈ గుట్టంతా వారంలోగా తోటలో పరిచెయ్యండి, సర్టిఫికెట్టిస్తాను. ఇంత జాగ్రత్తగా కాపాడిందెవరు?"

"నేనేనమ్మా," అంది యర్రమ్మ.

ఆకులు తోటకి తిరిగెళ్ళాయి, సర్టిఫికెట్టొచ్చింది. యర్రమ్మ మాత్రం ఆ రోజు నుంచి చీపురు ముట్టలేదు. అడిగితే, ఎకాలజీ పాడవుతాదంటుంది.