కన్నీటి వీడ్కోలు రిహార్సల్

సోషల్ వర్క్ విద్యార్థులకు మన గిరిజన ఆశ్రమ పాఠశాలలు ఇచ్చే ఆతిథ్యం దేశానికే ఆదర్శం కాబోతోందని ఇంపాక్ట్ ఆఫీసరు లక్ష్మీప్రసాద్ గారు ప్రకటించారు. ఘాట్ రోడ్డు ఎక్కే శ్రమ లేకుండా, విశాఖలో ఏసీ గదిలోంచే ప్రకటించారు. ఆతిథ్యం బాగుందో లేదో ఎలా తెలుస్తుందని ఒక విలేకరి అడిగాడు. ఆఫీసరుగారు తడుముకోలేదు. ప్లేస్‌మెంట్ పేరిట బడిలో ఉండి పని నేర్చుకోవడం అయిపోయి విద్యార్థులు వెళ్లేనాడు బడిపిల్లలు ఏడవాలి. ఎంత ఏడుపో అంత ఇంపాక్ట్.

ఈ మాట అరకు పైన కొండమీది బడికి చేరేసరికి హెడ్మాస్టరు గణపతిరావుగారి ప్రాణం లేచివచ్చింది. ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె. ఏజెన్సీలో అడుగుపెట్టిన నాటినుంచీ కిందికి బదిలీ కోసం ఆయన ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఆఫీసరుగారే ఫోన్లో మాటిచ్చారు: వీడ్కోలు సభ రక్తి కడితే వేదిక మీదే బదిలీ ఆర్డరు.

ఆతిథ్యంలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. వచ్చిన విద్యార్థులకు బియ్యం బస్తాల గది ఖాళీ చేయించి ఇచ్చారు. బస్తాలు పిల్లలు పడుకునే గదిలోకి వెళ్లాయి, పిల్లలు వరండాలోకి వచ్చారు. పిల్లల సమస్యలు అధ్యయనం చేస్తామంటే, మా బడిలో సమస్యలుండవమ్మా, పక్క మండలంలో చూసుకోండని పెద్దమనసుతో దారి చూపించారు. తక్కినవాళ్లు బుద్ధిగా గోడలకు చార్టులు అంటించారు. హారిక అనే అమ్మాయి మాత్రం పిల్లల తలలు దువ్వుతూ, గోళ్లు తీస్తూ, జ్వరం వచ్చిన సుక్రి పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ కాలం వృథా చేసింది. బడిలో చేరినప్పటినుంచీ పెదవి విప్పని సుక్రి ఇప్పుడు హారిక చున్నీ వదలడం లేదు. అది చూసినప్పుడల్లా హెడ్మాస్టరుగారికి ధైర్యం. ఒక్క ఏడుపైనా ఖాయం.

రిహార్సల్ మొదలైంది. ముందు వరసకు వెక్కిళ్లు, వెనక వరసకు ధారలు అని పంచిపెట్టారు. పిల్లలు నోళ్లు బిగించి నిలబడ్డారు. బతిమాలారు. బెత్తం చూపించారు. వంటశాల నుంచి ఉల్లిపాయలు తెప్పించి ముక్కుల కింద తిప్పారు. పిల్లలు కళ్లు మూసుకున్నారు.

"ఏటే దేముడమ్మా, ఈ గుంటలకి ఏడుపు కూడా రాదేటి?" అని ఆయన బడి ఆయమ్మను నిలదీశారు.

"ఒస్తాది బాబూ. ఎల్లిపోతన్నోల ఎనక ఏడిత్తే ఆలు మరి తిరిగి రారు. మా కొండ మీద సచ్చిపోయినోలకే ఏడుత్తాం. సంత రోజున అమ్మా అయ్యా సూసి ఎల్లిపోతన్నా ఈ పిల్లలు ఏడరు. మీరెప్పుడూ సూడనేదా?"

చూడలేదు. సంత రోజున ఆయన బొబ్బిలిలో ఉంటారు.

మూఢనమ్మకాల మీద ఆయన పిల్లలకు పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. వాళ్లు శ్రద్ధగా విన్నారు, ఏడవలేదు. చివరికి ఆయన ప్రజాస్వామ్యవాది కనుక ఒక మెట్టు దిగారు. హారిక మేడమ్‌ కోసమే ఏడవనక్కర్లేదు, సభలో ఎవరి కోసం ఏడవాలనిపిస్తే వాళ్ల కోసం ఏడవండన్నారు.

"ఎవులికైనా ఏడొచ్చా సార్?" అంది సుక్రి. ఆయనతో ఆ పిల్ల మాట్లాడడం అదే మొదలు.

"ఎవులికైనా ఏడవే తల్లీ."

సభనాడు ఆఫీసరుగారు ఫోటోగ్రాఫరుతో వేంచేశారు. హారిక పిల్లల్ని దగ్గరికి తీసుకుని, పరీక్షలు కాగానే మళ్లీ వస్తానని చెప్పి తనే ఏడ్చింది. సుక్రి కింది పెదవి తెల్లబడేదాకా కొరుక్కుంది. దేముడమ్మ దాని తలమీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. విద్యార్థులు ఎక్కిన జీపు వెళ్లిపోయింది. ఒక్క బొట్టు రాలలేదు. ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

"ఇంపాక్ట్ నిల్ అండీ," అన్నారు ఆఫీసరుగారు.

హెడ్మాస్టరుగారు చేతులు పట్టుకున్నారు. మోకాళ్లు పట్టుకోబోయారు. ఆఫీసరుగారు దయామయులు. తెచ్చిన ఆర్డరు వెనక్కి మోసుకెళ్లడం ఎందుకని మైకు ముందుకు వెళ్లారు.

"బాలబాలికలారా, మీ హెడ్మాస్టరుగారు రేపే మిమ్మల్ని వదిలి వెళ్లిపోతున్నారు."

మొదట సుక్రి నోరు తెరిచింది. దాని వెనక వరసలన్నీ అందుకున్నాయి. వంటవాళ్లు గరిటెలు వదిలేసి పరుగున వచ్చి కలిశారు. దేముడమ్మ జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ, ఆయన మంచితనం వరస పెట్టి రాగం తీసింది. ఎదుటి కొండ మారు పలికింది. ఇంత ప్రేమ తనమీద ఎప్పుడు పుట్టిందో హెడ్మాస్టరుగారికి అర్థం కాలేదు. ఆఫీసరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఈ బంధం తెంచిన పాపం నాకొద్దు," అని ఆర్డరు అక్కడికక్కడే చింపేశారు. "రిటైరయ్యేదాకా మీరిక్కడే."

కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగింది.

ఆఫీసరుగారి కారు కదిలింది. హెడ్మాస్టరుగారు తలుపు పట్టుకుని కొంత దూరం పరిగెత్తి, రోడ్డు మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. ఫోటోగ్రాఫరు కారు అద్దం దించి ఆ దృశ్యాన్ని అందుకున్నాడు. ఆ ఏటి ఉత్తమ ఇంపాక్ట్ ఫోటో అదే.

దేముడమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఘాట్ దిగుతున్న కారునే చూస్తూ కొంగు అందించింది.

"ఇంకాస్త గట్టిగా ఏడండి బాబూ," అంది. "కారింకా మలుపు తిరగనేదు."