'వు' పట్టని బోర్డు

మా ఇంటి హాల్లో ఒక ఉయ్యాల బల్ల ఉంది. దానికీ నాకూ పదహారేళ్లుగా పడదు.

అది మా ఆవిడ అనూరాధ శృంగవరపుకోట నుంచి సారెతో పాటు తెచ్చుకున్న పనస బల్ల. పెట్టింది మా మేనమామ. ఆయన కూతురినే నేను చేసుకున్నాను కాబట్టి ఎవరి మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. హాలు పదడుగులు, బల్ల ఊపు ఎనిమిదడుగులు. మిగిలిన రెండడుగుల్లో నేను కాపురం చేస్తున్నాను.

చిక్కుడుకాయలు తుంచడం, ఫోను మాట్లాడటం, నన్ను తిట్టడం, అన్నీ దాని మీద కూర్చునే. ముందుకు ఊగుతూ ఒక మాట అంటుంది. జవాబు చెబుదామని నేను నోరు తెరిచేసరికి బల్ల నా మోకాలి దాకా వచ్చేస్తుంది, వెనక్కి గెంతాలి. ఇన్నేళ్లలో నేను ఒక్క వాదన కూడా పూర్తి చేయలేదు.

"దీన్ని విప్పి అటక మీద పెడదామే," అని ఒకసారి అడిగాను.

"నువ్వే ఎక్కి కూకో బావా అటక మీద. బల్ల ఇక్కడే ఉంటాది," అంది.

ఇక నా రెండో బాధ, షాపు బోర్డు. విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో నాది స్టీలు సామాన్ల షాపు. పన్నెండేళ్ల కిందట పెయింటర్ శివాజీ మూడడుగుల రేకు మీద నా పేరు రాస్తూ మొదటి అక్షరాలు గుమ్మడికాయలంత రాశాడు. చివరికొచ్చేసరికి చోటు అయిపోయింది. నేను నగరేశ్వరరావుని. బోర్డు మాత్రం 'నగరేశ్వరరా' దగ్గర ఆగిపోయింది.

"'వు'కి జాగా లేదు బాబూ. పొడుగు బోర్డు సేయించండి, వచ్చి 'వు' ఎట్టీసి ఎల్తాను," అని శివాజీ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి సందులో పోయే పిల్లలందరూ బోర్డు చదువుకుంటూ పోతారు. "నగరేశ్వర, రా" అని. ఎవరో పిలిచారనుకుని నేను లేచి బయటికి వస్తాను. కొత్తలో రోజుకి పదిసార్లు లేచేవాణ్ణి. ఇప్పుడు అలవాటైపోయి నాలుగుసార్లే లేస్తున్నాను.

ఈ రెండు బాధలూ ఒకే దెబ్బకి తీరే యోగం ఈమధ్య ఒక శుక్రవారం మా అమ్మాయి యమున చేతిలో కాగితం రూపంలో వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల స్కూల్లో ఈ ఏడు కొత్తగా వడ్రంగం క్లాసు పెట్టారు.

"నాన్నా, ప్రాజెక్టు ఇచ్చేరు. లాంగ్ బోర్డు సెయ్యాల. గట్టి చెక్క కావాల," అంది.

లాంగ్ అంటే పొడుగు. బోర్డు అంటే బోర్డు. ఇంగ్లీషు నాకు ఇంత తేలిగ్గా ఎప్పుడూ అర్థం కాలేదు. కన్నకూతురు తండ్రి పేరులో లోటు చూడలేక, స్కూలు వాళ్లని ఒప్పించి, షాపుకి పొడుగు బోర్డు చేస్తోంది. నాకు కళ్లు చెమర్చాయి.

"ఎంత పొడుగమ్మా?"

"మూడున్నర అడుగులు."

పాతదాని కన్నా అర అడుగు ఎక్కువ. అర అడుగులో ఒక 'వు' హాయిగా కాళ్లు చాపుకుని పడుకుంటుంది.

"'వు' పడతాదన్నమాట," అన్నాను.

యమున నా వైపు వింతగా చూసింది. "ఏ 'వు' నాన్నా?"

"నాకేటీ సెప్పకు తల్లీ. నాకు తెలుసు," అని కాగితం తీసుకున్నాను.

అక్కడ మొదలైంది నా అయోమయం. కాగితంలో ఇలా ఉంది: చెక్క ఒకటి, చక్రాలు నాలుగు, బేరింగులు ఎనిమిది, ట్రక్కులు రెండు.

"బోర్డుకి సక్రాలెందుకే?"

"లేపోతే కదల్దు కదా."

"కదలడం దేనికి?"

"కదలకపోతే అది లాంగ్ బోర్డు ఎలాగవుతాది నాన్నా?"

ఈమధ్య దుకాణాల ముందు అక్షరాలు పరిగెత్తే బోర్డులు పెడుతున్నారు. కాలం మారింది, అక్షరాలకి బదులు బోర్డే పరిగెడుతుంది కాబోలు అని సరిపెట్టుకున్నాను.

"ట్రక్కులు రెండెందుకు?"

"ముందొకటి, ఎనకొకటి. అవి లేపోతే మలుపు తిరగదు."

ఊరేగింపు అని అర్థమైంది. ఇది మాత్రం కాస్త ఎక్కువే అనిపించింది కానీ, పన్నెండేళ్ల తరవాత వచ్చే 'వు' కదా, ఊరేగించినా తప్పులేదు.

"సక్రాలు అవీ స్కూల్లో ఇస్తారు. చెక్క ఒక్కటీ మనది. నీ అంత బరువున్నోళ్లు ఎక్కి నిలబడినా విరక్కూడదని సారు సెప్పేరు," అంటూ యమున లోపలికి వెళ్లిపోయింది.

నా పేరున్న బోర్డు మీద నేనెందుకు ఎక్కి నిలబడాలో ఎంత ఆలోచించినా తేలలేదు. గట్టి చెక్క అన్న మాట మాత్రం బుర్రలో నిలిచిపోయింది. తలెత్తితే ఎదురుగా ఉయ్యాల బల్ల. పనస. చదువు కోసం కోశానంటే ఏ తల్లయినా ఏమంటుంది?

ఆదివారం పొద్దున్నే అనూరాధ తమ్ముడింట్లో పూజకని శృంగవరపుకోట వెళ్లింది. బస్సు కదిలిందని ఫోను రాగానే వడ్రంగి ధనరాజ్‌ని పిలిపించాను. గొలుసులు విప్పి బల్లని అతని భుజానికెత్తాను.

"దీన్ని కోసీడమేనా బాబూ? అమ్మగారికి తెలుసా?" అన్నాడు ధనరాజ్.

"తెలుస్తాదిలే. నువ్వు అట్టుకెళ్లు."

యమున గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అమ్మకి సెప్పేవా నాన్నా?"

"సదువు కోసం కదా, అమ్మ ఏటీ అనదు. నువ్వూ ఏటీ అనకు."

"సరే నాన్నా," అంది. మా ఇంట్లో ఆడవాళ్లు ఒక్క మాటకే సరే అన్నప్పుడు నేను జాగ్రత్త పడాల్సింది. పడలేదు. ఆ రోజంతా హాల్లో అటూ ఇటూ నడిచాను. పదడుగులూ నావే.

సోమవారం అనూరాధ వచ్చింది. హాల్లో ఖాళీ గొలుసులు వేలాడుతున్నాయి. నేను గొంతు సవరించుకున్నాను.

"బల్లేది బావా?"

"పాలిష్‌కి ఇచ్చేను. నీకు తెలీకుండా సేయిద్దామని."

"మంచి పని సేసేవు," అంది. లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కుంది.

పదహారేళ్లలో ఆ మూడు మాటలూ ఆవిడ నోట ఒక వరసలో రావడం అదే మొదలు. నాకు భయం వేసింది. మధ్యాహ్నం క్యారేజీలో నాకిష్టమైన బెండకాయ వేపుడు పంపింది. ముక్క ముక్కా తిప్పి చూసి తిన్నాను.

దానికి తోడు ఆ రోజు షాపు తీస్తే నా బల్ల కనబడలేదు. ఇది ఉయ్యాల బల్ల కాదు, మా నాన్న చేయించిన టేకు బల్ల. ఒంటిగంట నుంచి మూడింటి దాకా నేను దాని మీదే నడుం వాలుస్తాను. తల పెట్టే చోట ఇన్నేళ్ల కొబ్బరినూనె ఇంకి కంచమంత నల్లమచ్చ పడింది. ఆ మచ్చలో తల పెడితే గానీ నాకు నిద్ర పట్టదు. ధనరాజ్‌కి ఫోను చేశాను.

"కాలు ఊగుతన్నాది బాబూ. సరిసేసి అట్టుకొస్తాను," అన్నాడు.

"నిన్ను షాపులోకి రమ్మన్నదెవరు?"

"బయట బోర్డే 'రా' అంతన్నాది కదా బాబూ. తాళం పాప తీసింది."

నాన్న నడుం గురించి కూడా ఆలోచిస్తోంది పిచ్చితల్లి అనుకున్నాను. ఆ వారమంతా నేల మీద అట్టలు పరుచుకుని పడుకున్నాను. ఇంట్లో అనూరాధ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ నన్ను చూసి నవ్వేది. ఒక్క తిట్టు లేదు. ఎదురుగా అంత చోటున్నా నాకు వాదించడానికి ఏమీ దొరకలేదు.

స్కూల్లో ఎగ్జిబిషన్ శనివారం. శుక్రవారం హరిబాబుకి ఫోను చేశాను. చిన్నప్పటి స్నేహితుడు, లారీలున్నాయి. ఎంత గుట్టు మాటైనా సందంతా వినబడేట్టు మాట్లాడతాడు కనక హారన్ హరిబాబు అంటాం.

"రేపు రెండు లారీలు స్కూలు కాడికి పంపరా. పాప బోర్డుకి."

"ఎంత బోర్డురా?"

"మూడున్నర అడుగులు."

హారన్ మోత తగ్గింది. "రెండు లారీలెందుకురా?"

"ముందొకటి, ఎనకొకటి. కాగితంలో రాసున్నాది. స్కూలోళ్లకి తెలీదేటి?"

"ఒరే నగరేసు, ఒంట్లో బాగున్నాదా?" అన్నాడు గానీ, పంపాడు.

శనివారం పొందూరు ఖద్దరు చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకుని, అనూరాధతో స్కూలుకి వెళ్లాను. అప్పటికే ఒక లారీ గేటు బయటా ఒకటి గేటు లోపలా ఆగి ఉన్నాయి. మధ్యలో స్కూలు బస్సు ఇరుక్కుంది. హెడ్‌మిస్ట్రెస్ దుర్గాభవాని గారు డ్రైవర్లని కడిగేస్తున్నారు.

"ఇవి ఎవరివి?"

"మావేనండి," అన్నాను, ముందుకొచ్చి. "యమున బోర్డుకి. మీ కాగితంలోనే ఉంది కదండీ, ట్రక్కులు రెండని."

ఆవిడ నన్ను చూశారు, లారీలని చూశారు, పక్కనున్న వడ్రంగం సారుని చూశారు. సారు జేబులోంచి ఒక ఇనప వస్తువు తీసి నా అరచేతిలో పెట్టాడు. గరిటె కన్నా చిన్నది. "చక్రాలు బిగించే దీన్నే ట్రక్కు అంటారండి," అన్నాడు.

"మరి బోర్డు?"

సారు చెయ్యెత్తి గ్రౌండు వైపు చూపించాడు. యమున ఒక పొడుగు చెక్క మీద నిలబడి, అది చక్రాల మీద దొర్లుతుంటే, చేతులు చాపి నవ్వుతూ మా వైపే వస్తోంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఎక్కి తిరిగే బోర్డుట. నా పేరు రాయడానికి కాదుట. చెప్పొద్దూ, వారం రోజులుగా ఆ 'వు' ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

యమున ఆగి కిందికి దిగింది. చెక్క నడుమ కంచమంత నల్లమచ్చ. ఎక్కడో చూసిన మచ్చ. నా చెయ్యి దానికదే నా తల నిమిరింది.

"గుర్తు పట్టేవా బావా?" అంది అనూరాధ.

"ఇది... పనస కదా?"

"టేకు. నువ్వు గొలుసులు విప్పిన పది నిమిషాలకే పాప ఫోను సేసింది. ధనరాజ్‌కి నేనే సెప్పీసేను. పనస ముట్టుకోకు, షాపులో టేకు బల్ల ఉంటాది, దాన్ని కొయ్యి అని. సదువు కోసం కదా, ఏ తండ్రి కాదంటాడు?"

నేనన్న మాటే. నాకే వడ్డించింది.

"మరి నా నడుం?"

"మిగిలిన ముక్కకి కాళ్లెట్టి పీట సేయించేను. కూకోడానికి సరిపోతాది. తొంగోడానికి సరిపోదు."

ఇంతలో సారు, "తండ్రి గారు ఒకసారి ఎక్కాలండి, బరువు పరీక్ష," అన్నాడు. నా బరువు తొంభై ఆరు. ఎక్కాను. బోర్డు విరగలేదు. ఆగలేదు కూడా. గ్రౌండు గేటు వైపు వాలుగా ఉందని అప్పుడు తెలిసింది. చూడొచ్చిన తల్లులంతా తప్పుకుంటుంటే నేను తిన్నగా వెళ్లి హరిబాబు లారీని రెండు చేతులా కౌగిలించుకున్నాను. ట్రక్కుల మీద ఎక్కి ట్రక్కుని పట్టుకున్నవాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

యమున పరిగెత్తుకొచ్చి బోర్డుని తిరగేసి ఏమైనా పగిలిందేమో చూసింది. అడుగున, రెండు ట్రక్కుల మధ్య, ఎర్ర రంగుతో ఒకే ఒక అక్షరం రాసి ఉంది. పెద్ద 'వు'.

"ఆ రోజు నువ్వు 'వు' అంటే నాకు అర్థం కానేదు నాన్నా. మర్నాడు షాపు కాడ బోర్డు సూస్తే అర్థమయ్యింది," అంది. "నేను స్కూల్లో ఉన్నప్పుడు దీన్ని ఆ రేకు పక్కన నిలబెట్టుకో."

నాకు సిగ్గేసింది. పిల్ల దగ్గరా, పిల్ల తల్లి దగ్గరా కూడా. ఖద్దరు చొక్కాకి లారీ గ్రీజు అంటుకుందన్న నెపంతో తల వంచుకుని దాన్నే తుడుచుకున్నాను.

ఇంటికొస్తే పనస బల్ల గొలుసులకి వేలాడుతోంది, అద్దంలా మెరుస్తూ. "పాలిష్‌కి ఇచ్చేనన్నావు కదా. అయ్యి వచ్చింది," అంది అనూరాధ, ఎక్కి కూర్చుంటూ. నేను రెండడుగుల్లోకి వెళ్లిపోయాను.

ఇప్పుడు నా షాపు ముందు పేరు పూర్తిగా ఉంటోంది. సాయంత్రం అయిదింటి దాకానే. అయిదు కాగానే యమున వచ్చి 'వు'ని చంకలో పెట్టుకుని గ్రౌండుకి వెళ్లిపోతుంది. మధ్యాహ్నాలు కునుకు లేక ఆ వేళకి నేను పీట మీద కూర్చునే జోగుతుంటాను.

నిన్న అలాగే జోగుతుంటే బయటి నుంచి గట్టిగా వినబడింది.

"నగరేశ్వర, రా."

ఏ పిల్లవెధవా అని లేచి వచ్చాను. సందులో కూరగాయల సంచులు రెండు కింద పెట్టుకుని అనూరాధ నిలబడి ఉంది.

"మొగుణ్ణి పేరెట్టి, 'రా' అంటావేటే నలుగురిలో?"

"నేనేటన్నాను బావా? బోర్డు సదివేను," అంది, పెద్ద సంచి నాకు అందిస్తూ.

నేను సంచి పట్టుకుని వెనకాలే వెళ్లాను.